తిరువయ్యారు పంచరత్న గోష్ఠిలో పాడి రావాలంటే

త్యాగరాజస్వామి రాసిన పంచరత్న కృతులు ఐదూ పాఠం అయిపోయిన ప్రతివాళ్లకీ ఒక కోరిక పుడుతుంది. ఒక్కసారి తమిళనాడులోని తిరువయ్యారు వెళ్లి, స్వామి సమాధి దగ్గర పంచరత్న గోష్ఠిలో, అంటే ఆ ఐదూ అందరూ కలిసి పాడే చోట, ఆ జనంలో కూర్చుని పాడాలని. దానికి కచేరీలు చేసే స్థాయి అక్కర్లేదు. ముందు వరసలు విద్వాంసులవి. వాళ్ల వెనక కూర్చుని గొంతు కలిపే వందల మందిలో బ్యాంకు ఉద్యోగులుంటారు, పదో తరగతి పిల్లలుంటారు, మనవల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మమ్మలుంటారు. నేను విజయవాడ నుంచి మా బృందంతో రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి రైల్లోనే గొంతు పోగొట్టుకున్నాను, రెండోసారి తృప్తిగా పాడాను. ఆ రెండింటికీ మధ్య నేర్చుకున్నదంతా వరసగా చెబుతాను.

ముందు తిథి చూసుకోండి

త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. ఏటా ఆయన సమాధి దగ్గర చేసే ఆరాధన ఆ తిథికే జరుగుతుంది కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2024లో జనవరి 30 మంగళవారం, 2025లో జనవరి 18 శనివారం, 2026లో జనవరి 7 బుధవారం వచ్చింది. ఉత్సవాలు ఐదు రోజులు నడుస్తాయి గానీ పంచరత్న గోష్ఠి పంచమి నాటి పొద్దున ఒక్కసారే. కొత్త పంచాంగం చేతికి రాగానే ఆ రోజుకి గుర్తు పెట్టుకోండి. శనివారమో ఆదివారమో పడిన ఏడు ఉద్యోగస్తులకి అదృష్టమే. అప్పుడు కూడా ఒకటి రెండు రోజులు సెలవు పెట్టక తప్పదు, ఎందుకో కింద చెబుతాను.

టికెట్ల సంగతి. రైల్వే రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. పంచమి సంక్రాంతికి దగ్గరగా వస్తే ఆ రైళ్లు తెరిచిన పూటే నిండిపోతాయి, చెన్నై వైపు పొంగల్ జనం కూడా ఉంటారు. తేదీ తెలిసిన రోజే లెక్క వేసుకుని పెట్టుకోండి. బస కూడా అప్పుడే చూసుకోండి. తిరువయ్యారు చిన్న ఊరు, ఆ వారం అక్కడ గది దొరకడం కష్టం. 13 కిలోమీటర్ల దూరంలో తంజావూరు ఉంది, అక్కడ దిగడమే మేలు.

నెల ముందు నుంచి సాధన

ఐదు కృతులూ ఆది తాళమే. నాటలో జగదానందకారక, గౌళలో దుడుకుగల, ఆరభిలో సాధించెనే, వరాళిలో కనకన రుచిరా, శ్రీరాగంలో ఎందరో మహానుభావులు, ఇదే వరస. మొత్తం పాడడానికి సుమారు గంట పడుతుంది. ఆ గంట మధ్యలో ఆపరు, కాబట్టి ఇంట్లో కూడా ఐదూ ఆపకుండా పాడే అలవాటు చేసుకోండి. విడివిడిగా బాగా వచ్చిన వాళ్లకి కూడా నాలుగో కృతికి వచ్చేసరికి గొంతు సన్నబడడం నేను చూశాను. మొదటి వారం రోజుకొకటి, రెండో వారం రెండేసి, ఆ తర్వాత వారానికి మూడుసార్లయినా ఐదూ కలిపి పాడితే సరిపోతుంది.

శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పట్టుకునే స్వరం, దాని విషయంలో పట్టుదల వద్దు. ఆడవాళ్లం మన క్లాసులో ఐదు శ్రుతికో ఐదున్నరకో అలవాటు పడి ఉంటాం, మగవాళ్లు ఒకటికో రెండుకో. అక్కడ అందరికీ ఒకే శ్రుతి, అది ఏ ఒక్కరి సౌకర్యం కోసమూ పెట్టింది కాదు. ఫోన్లో తంబూరా యాప్ పెట్టుకుని మీ శ్రుతికి ఒక మెట్టు పైన, ఒకటి రెండు మెట్లు కింద కూడా పాడి చూడండి. అందని స్వరం వచ్చినప్పుడు గొంతు నొక్కి కేక పెట్టకుండా, ఆ ఒక్క చోట మెల్లగా పలికి మళ్లీ కలుసుకోవడం కూడా సాధనలో భాగమే.

పాఠాంతరాల గురించి చెప్పాలి. సంగతి అంటే ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి పాడే తీరు. మీ టీచరుగారు నేర్పిన సంగతీ అక్కడ పాడే సంగతీ ఒకటి కాకపోవచ్చు. ఎన్ని సంగతులు పాడతారు, చరణం స్వరం తర్వాత ఎక్కడికి తిరుగుతారు అన్నవి మారొచ్చు, ఒకటి రెండు చోట్ల మాటే వేరుగా ఉంటుంది. ఏటా ఆకాశవాణి, దూరదర్శన్ ఈ గోష్ఠిని ప్రత్యక్షంగా ప్రసారం చేస్తాయి. పాత ఏళ్ల ప్రసారాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటితో పాటు పాడి, తేడా వచ్చిన ప్రతిచోటా పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. గోష్ఠిలో ఒప్పు అంటే అందరూ పాడుతున్నదే. మీ పాఠం మీద ఎంత గౌరవమున్నా ఆ గంట సేపు దాన్ని ఇంట్లో ఉంచి రండి.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది మాట గురించి. మొదటి కృతి సంస్కృతం, మిగిలిన నాలుగూ మన తెలుగు. అక్కడ మీ చుట్టూ పాడేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. వాళ్లలో కొందరి చేతుల్లో తమిళ అక్షరాల పుస్తకాలుంటాయి. తమిళ లిపిలో క, గ లకి, త, ద లకి వేరే అక్షరాలు లేవు కాబట్టి ఆ పుస్తకాల్లో అక్షరం పక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి ఉంటాయి. ఆ అంకెలు చూసుకుంటూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేసినవాళ్లు వాళ్లు. అర్థం పుట్టుకతో వచ్చిన మనం మాటల్ని నమిలేసి పాడితే అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అందుకని పాట పుస్తకం పక్కన పెట్టి, సాహిత్యాన్ని ఒకసారి ఉత్తినే చదవండి, ఉత్తరం చదివినట్టు. "కనకన రుచిరా కనక వసన నిన్ను" అన్నది తీసుకోండి. మొదటి "కన కన" చూసే కొద్దీ అన్న మాట. చూసే కొద్దీ అందంగా ఉన్నావు, బంగారు వస్త్రం కట్టినవాడా అంటున్నారు స్వామి. రెండో "కనక" బంగారం. ఈ రెండూ మనసులో విడిపోతే గొంతులో వాటంతటవే విడిపోతాయి. "దుడుకుగల నన్నే దొర కొడుకు బ్రోచురా" అన్నప్పుడు అది ప్రశ్న. ఇంత దుడుకు చేసిన నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడు అని. ఆ "ఏ" దగ్గర ప్రశ్న వినిపించాలి. "పర ధనముల కొరకు" అని తన తప్పులు లెక్కపెట్టుకుంటున్న చోట హుషారుగా తల ఊపుతూ పాడితే పాట ఒకటి, ముఖం ఒకటి అవుతుంది.

సాధించెనే దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఇందులో ప్రతి చరణం తర్వాతా "సమయానికి తగు మాటలాడెనే" అని తిరుగుతారు. ఇది దేవుడి మీద ఇంట్లోవాళ్లు చేసే ఫిర్యాదు. మనం ఇప్పటికీ వాడే మాటలే. చివర్లో "అలుగ వద్దననే", "వెత గలిగిన తాళుకొమ్మననే" అని వస్తాయి. అలగొద్దన్నాడు, బాధ వస్తే ఓర్చుకోమన్నాడు. ఇక్కడ చాలామంది వేగం పెంచేస్తారు, ఆరభి రాగం పరుగెత్తిస్తుంది. పెంచకండి. మొదటిసారి నేను ఇదే చరణంలో తాళం వదిలి ముందుకెళ్లిపోయాను. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, తమిళావిడ, ఏమీ అనలేదు. నా మోకాలి మీద మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, విసర్జితం, ఇంకోసారి దెబ్బ, విసర్జితం. రెండు ఆవర్తాల్లో, అంటే తాళం రెండు చుట్లు తిరిగేలోపు, నేను దారికొచ్చాను. అయిపోయాక ఆవిడే అడిగింది, "తాళుకొమ్మననే" అంటే ఏమిటని. వచ్చిన నాలుగు తమిళ ముక్కల్లో చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

వరాళి గురించి ఒక మాట. గురువు ఎదుట కూర్చోబెట్టి వరాళి నేర్పితే గురుశిష్యుల మధ్య తేడాలొస్తాయని ఒక పాత నమ్మకం. అందువల్ల కొన్ని క్లాసుల్లో కనకన రుచిరా పాఠం చేయకుండా వదిలేస్తారు, పిల్లలు విని నేర్చుకోవాలి. మీదీ అదే పరిస్థితి అయితే నెలలో సగం రోజులు దీనికే కేటాయించండి. గోష్ఠిలో ఎక్కువ గొంతులు తప్పుకునేది ఇక్కడే.

బయల్దేరే ముందు మీ ఊళ్లో జరిగే ఏదైనా ఆరాధనలో ఒకసారి గోష్ఠిగానంలో కూర్చోండి. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్లలో ఆరాధనలు పంచమి తర్వాత కూడా వారాల తరబడి జరుగుతూనే ఉంటాయి, కాబట్టి ఈ అభ్యాసానికి ముందటి ఏడే అవకాశం దొరుకుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి క్లీవ్‌ల్యాండ్‌లో 1978 నుంచి నడుస్తున్న ఉత్సవం ఉంది. అక్కడా ఇదే పంచరత్న గోష్ఠి, ఇదే పద్ధతి. ఈ సూచనల్లో రైలు తప్ప మిగతావన్నీ అక్కడికీ పనికొస్తాయి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

సాహిత్యం పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి రెండు ప్రతులు పెట్టుకోండి. ఫోన్లో చూస్తూ పాడితే మెడ వంగుతుంది, మెడ వంగితే గొంతు మూసుకుంటుంది. చిన్న ఫ్లాస్కు, మెడకి చుట్టుకునే పలచని శాలువా, పెన్సిలు, చెప్పులు పెట్టుకోవడానికి ఒక గుడ్డ సంచి. గంటకి పైగా నేల మీద కూర్చోవాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మడత పెట్టే చిన్న ఆసనం తెచ్చుకుంటే మంచిది. బట్టల్లో ఆడవాళ్లకి చీర, మగవాళ్లకి పంచె ఉత్తరీయం. పట్టుచీరే కట్టాలనేం లేదు, ఆ ఒత్తిడిలో నేత చీర హాయిగా ఉంటుంది. గొంతుకి నేను కరక్కాయ ముక్క, పటిక బెల్లం, నాలుగు మిరియాలు పొట్లం కట్టుకుంటాను. మీకు అలవాటు లేని మందులేవీ ఆ రోజు కొత్తగా మొదలుపెట్టకండి.

ప్రయాణం

పంచమి శనివారం అనుకుని చెబుతాను. విజయవాడ వాళ్లు గురువారం పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగుతారు. హైదరాబాద్ వాళ్లకి బుధవారం సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఉంది. చెన్నై ఎగ్మోర్ వైపు నుంచి రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే శుక్రవారం తెల్లవారేసరికి తంజావూరు. బయల్దేరే స్టేషన్ ఏదో టికెట్ మీద మరోసారి చూసుకోండి. డబ్బు పెట్టగలిగితే తిరుచిరాపల్లికి విమానంలో వెళ్లి అక్కడి నుంచి రోడ్డున తంజావూరు చేరొచ్చు, సుమారు 60 కిలోమీటర్లు. పంచమి తెల్లవారుజామున దిగి నేరుగా గోష్ఠికి పరుగెత్తే ఏర్పాటు మాత్రం చేసుకోకండి. రైలు గంట ఆలస్యమైతే ఏడాది ఎదురుచూపు పోతుంది. ఆ ఒక్కరోజు అదనపు సెలవు అందుకే.

రైల్లో నోరు కట్టేసుకోవాలి. మేం మొదటిసారి ఎనిమిది మందిమి వెళ్లాం, ఆ ఉత్సాహంలో రైలు చప్పుడుకి పైగా మాట్లాడుకుంటూ, పాడుకుంటూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం. చప్పుడులో మాట్లాడితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. ఏసీ పెట్టెలో గాలి పొడిగా ఉంటుంది. తెల్లారి లేచేసరికి నాకు పై షడ్జమం, అంటే పై స్థాయి స, పలకలేదు. రెండోసారి పై బెర్తు అడిగి తీసుకుని, మెడకి శాలువా చుట్టుకుని, చెవుల్లో ఐదు కృతులూ పెట్టుకుని పడుకున్నాను. గుసగుసగా మాట్లాడితే పరవాలేదనుకోకండి, అది కూడా గొంతుని అలసటపెడుతుంది. వేడి నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. ఆవకాయ, గోంగూర డబ్బాలు తిరుగు ప్రయాణానికి ఉంచండి.

శుక్రవారం

పొద్దున నిద్రపోండి. మధ్యాహ్నం బృహదీశ్వరాలయం చూసుకుని, సాయంత్రం బస్సులో తిరువయ్యారు వెళ్లి రండి. దారిలో వరసగా వంతెనలు వస్తాయి: వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, ఆఖరున కావేరి. తమిళంలో ఆరు అంటే ఏరు. ఈ ఐదు ఏరులే ఊరి పేరు. పంచనదీశ్వరుడు ఇక్కడి దేవుడు. లెక్కపెట్టుకుంటూ వెళ్తే దిగాల్సిన చోటు కూడా తెలుస్తుంది.

సాయంత్రం వెళ్లమనడానికి కారణం స్థలం తెలుసుకోవడానికి. పందిరి ఎక్కడ, లోపలికి దారెటు, చెప్పులెక్కడ, మంచినీళ్లెక్కడ, మరుగుదొడ్లెక్కడ అన్నీ ముందు రోజే చూసుకోండి. ఉత్సవాలు నడిపే శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ వాళ్ల కార్యకర్తలు అక్కడే ఉంటారు, మర్నాడు పాడేవాళ్లు ఏ వైపు కూర్చోవాలో అడిగి తెలుసుకోండి. ఆ పూట కచేరీలు కూడా వినొచ్చు. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఇస్తారు, ఎంత పెద్ద పేరున్నా అంతే. ఒకరి తర్వాత ఒకరు వచ్చి స్వామికి ఒకటో రెండో కృతులు సమర్పించి లేచిపోతారు.

సమాధి దగ్గర నమస్కారం చేసుకున్నాక, దానికి ఎదురుగా ఉన్న బెంగుళూరు నాగరత్నమ్మ సమాధి దగ్గర తప్పకుండా ఆగండి. శిథిలమైన సమాధి చుట్టూ స్థలం సంపాదించి 1920ల్లో గుడి కట్టించింది ఆవిడే, తన ఆస్తి ఖర్చుపెట్టి. దేవదాసి కులంలో పుట్టినావిడ. ఆడవాళ్లని స్వామి ముందు పాడనివ్వని రోజుల్లో ఆడవాళ్లతోనే వేరే గోష్ఠి నడిపింది. 1940ల మొదట్లో వర్గాలన్నీ ఒకటై అందరూ కలిసి పాడడం కుదిరింది. మర్నాడు పాడబోయే ప్రతి ఆడపిల్లా ముందు అక్కడ చేతులు జోడించాలని నా అభిప్రాయం. 1952లో పోయిన ఆవిడ ఇప్పటికీ విగ్రహంగా స్వామికి ఎదురుగా చేతులు జోడించుకునే ఉంటుంది.

పంచమి పొద్దున

నాలుగింటికి లేవండి. లేవగానే పాడకండి. వేడి నీళ్లు తాగి, స్నానం చేసి, పావుగంట మంద్రంలో, అంటే కింది స్థాయిలో, అకారం, ఆ తర్వాత సరళీ స్వరాలు రెండు కాలాల్లో. అంతే చాలు. రెండు ఇడ్లీలు తినండి, ఖాళీ కడుపుతో గంట సేపు ఊపిరి నిలవదు. తంజావూరు కాఫీ వాసన పిలుస్తుంది. నాకు పాలు గొంతులో పేరుకుంటాయి కాబట్టి పాడేదాకా ముట్టను, మీకు పడేది మీరు చూసుకోండి.

ఆరున్నరకల్లా తిరువయ్యారులో ఉండండి. త్యాగరాజస్వామి ఉన్న తిరుమంజన వీధి ఇంటి నుంచి సమాధి దాకా ఉంఛవృత్తి భజన బయల్దేరుతుంది, స్వామి బతికినన్నాళ్లూ వీధుల్లో పాడుతూ బియ్యం స్వీకరించిన పద్ధతి అది. దానితో నాలుగడుగులు నడవండి, గొంతు ఎత్తి పాడకుండా.

పందిట్లో విద్వాంసులు ఎదురెదురు వరసల్లో కూర్చుంటారు. మీ బృందం మొత్తం ఒకే చోట కూర్చోవాలని పట్టుబట్టి జనాన్ని జరపకండి. ఇద్దరిద్దరుగా ఎక్కడ దొరికితే అక్కడ సర్దుకోండి. మైకులకి, వయొలిన్లకి మరీ దగ్గర వద్దు. మృదంగం స్పష్టంగా వినిపించే చోటు మంచిది. ఫోను పూర్తిగా ఆపేయండి.

తొమ్మిది ప్రాంతంలో ముందు వేణువు మీద "చేతులార శృంగారము" వాయిస్తారు. అప్పుడు కళ్లు మూసుకుని శ్రుతి పట్టుకోండి. తర్వాత నాట మొదలవుతుంది, అటు స్వామికి అభిషేకం జరుగుతూ ఉంటుంది.

పాడేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని. మీ గొంతు మీకు ఎంత వినిపిస్తోందో, పక్కవాళ్ల గొంతు కూడా అంతే వినిపించాలి. వినిపించకపోతే మీరు గట్టిగా పాడుతున్నట్టు. తాళం చేత్తో వేయండి, కానీ తొడ మీద చప్పుడు రాకుండా. జగదానందకారకలో సమాసాలు పొడుగు, ఊపిరి చాలదు. అందరూ ఆగేచోట కాకుండా ఒక మాట ముందో వెనకో ఊపిరి తీసుకుంటే మొత్తం గోష్ఠిలో ధార తెగదు. మాట మధ్యలో మాత్రం తీసుకోకండి. స్వరం మరిచిపోతే ఊరుకుని తాళం వేయండి, సాహిత్యం రాగానే కలవండి. తప్పు స్వరం ధైర్యంగా పాడితే చుట్టూ పదిమందిని తప్పిస్తాం. "ఎందరో" దగ్గరికి వచ్చేసరికి చాలామందికి గొంతు పూడుకుపోతుంది. నాకూ అంతే. అప్పుడు ఒక ఆవర్తం ఆగి, "చందురు వర్ణుని" దగ్గర అందుకున్నాను.

అయిపోయాక

జనం ఒక్కసారిగా లేస్తారు. పది నిమిషాలు కూర్చునే ఉండండి. ఆ తర్వాత కావేరి ఒడ్డుకి నడిచి కాళ్లు కడుక్కోండి. మధ్యాహ్నానికి ఎండ బాగానే ఉంటుంది, ఆ ఎండలో సమాధి దగ్గర క్యూ కట్టే బదులు సాయంత్రం చూసుకోవచ్చు.

శనివారం రాత్రి తంజావూరులో రైలెక్కితే ఆదివారం పొద్దున చెన్నై, మధ్యాహ్నం పినాకిని, రాత్రికి విజయవాడ. ఈ ప్రయాణంలో మాట్లాడుకోవచ్చు, ఆవకాయ డబ్బా విప్పొచ్చు. నిద్రపోయే ముందు పుస్తకం తెరిచి ఎక్కడెక్కడ తప్పారో, ఎక్కడ అక్కడి సంగతి వేరుగా ఉందో గుర్తు పెట్టుకోండి, సోమవారం నాటికి మర్చిపోతారు. ఇంటికొచ్చాక రెండు రోజులు గొంతుకి సెలవివ్వండి. మూడో రోజు ఆ పెన్సిలు గుర్తుల దగ్గర నుంచే సాధన మొదలుపెట్టండి. నా పుస్తకంలో గుర్తులు ఇప్పటికీ వరాళి పేజీలోనే ఎక్కువ.